చెంగమ్మ రాయించిన పేరు

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో, పాలకేంద్రానికి సొంత పేరు మీద పాలు పోసే ఆడమనిషి చెంగమ్మ ఒక్కతే. ఆమెకు రెండు సీమావులు. ఒకటి పుట్టింటివాళ్ళు తోలించింది, రెండోది దాని కడుపున పుట్టిందే. తెల్లారకముందే లేచి, కొట్టం ఊడ్చి, పాలు పిండి, క్యాను నెత్తిన పెట్టుకుని ఆమె వీధి వెంట పోతుంటే పొద్దు పొడవబోతోందని ఊరికి తెలిసేది. శ్రీరాములు భార్య అనడం మానేసి ఆమెను పాల చెంగమ్మ అనడం మొదలుపెట్టి చాలా కాలమైంది.

ఆ శ్రీరాములుకు ఇద్దరు భార్యలు. చెంగమ్మ పెద్దది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండకపోయేసరికి అత్త పోరుపెట్టి, కుప్పం దగ్గరి పల్లె నుంచి మునెమ్మను తెచ్చి కొడుక్కు కట్టబెట్టింది. ఆ పెళ్ళిలో చెంగమ్మ ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. వంటవాళ్ళకు బియ్యం కొలిచి ఇచ్చింది, వచ్చినవాళ్ళకు తాంబూలాలు అందించింది. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయాక తన చాపా దుప్పటీ తీసుకుని కొట్టం పక్కనున్న చిన్న గదిలోకి మారిపోయింది. కొంతకాలానికి అత్త కన్నుమూసింది. ఆ తర్వాత ఒక ఏడాదంతా ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. ఇద్దరు ఆడవాళ్ళకూ ఒకే బావి, ఒకే వాకిలి, ఒకే మొగుడు. మాట మాత్రం లేదు. నడుమ శ్రీరాములు రెండు పొయ్యిల దగ్గరా తిని, ఏ పొయ్యి కూర బాగుందో చెప్పలేక నీళ్ళు నమిలేవాడు.

ఆ మౌనం చెంగమ్మ కాలు విరగడంతో తెగింది. వానాకాలంలో ఆవు బెదిరి పలుపు లాగితే ఆమె బావి బండల మీద పడింది. ఎముక విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అన్న ఆంజనేయులు మదనపల్లె నుంచి బన్నులూ బిస్కెట్లూ పట్టుకొచ్చి, చూసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆవులకు గడ్డి వేసేదెవరు, పాలు పిండేదెవరు అని చెంగమ్మ గోడవైపు తిరిగి దిగులుపడుతుండగా, కొట్టంలో చెంబులోకి పాలధార పడే చప్పుడు వినిపించింది. చంటిబిడ్డను ఉయ్యాల్లో వేసి వచ్చిన మునెమ్మ ఆవు కింద కూర్చుని ఉంది.

కాలు నిలిచేదాకా ఆ పిల్లే అన్నీ చూసింది. ఆవుల్నీ చూసింది, మనిషినీ చూసింది. చెంగమ్మకు ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, మగవాళ్ళతో చేయించుకోలేని పనులన్నీ ముఖం చిట్లించకుండా చేసింది. పాలకేంద్రంలో డబ్బులిచ్చిన రోజున వాటిని కొంగున ముడివేసి తెచ్చి చెంగమ్మ చేతిలోనే పెట్టేది. మధ్యలో శ్రీరాములు చెయ్యి చాపినా ఇవ్వలేదు. "అక్క దుడ్డు, అక్కనే అడుగు" అనేది. అక్క అన్న మాట చెంగమ్మ చెవిన పడడం అప్పుడే మొదలు. మంచం దిగిన రోజు చెంగమ్మ తన పొయ్యిరాళ్ళు పీకి బయట పారేసింది.

ఇదంతా జరిగిన కొన్నేళ్ళకు, డెబ్భై మూడులో, బీమా ఏజెంటు రామచంద్ర ఆ ఊరికి రావడం మొదలుపెట్టాడు. అతనిది పుంగనూరే. సైకిలు హ్యాండిలుకు రెక్సిన్ సంచీ తగిలించుకుని, అందరూ ఒకేచోట దొరుకుతారని పాలు పోసే వేళకు కేంద్రం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. మగవాళ్ళు అతన్ని చూడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు తప్పుకునేవాళ్ళు. చావు గురించి పొద్దున్నే వినాలని ఎవరికుంటుంది? ఒకరోజు చెంగమ్మే అతన్ని పిలిచింది.

"ఏమప్పా, మడిసి సచ్చిపోతే దుడ్డు వస్తాదంటాండావే, అది ఎవురి చేతికి పోతాది?"

"మీరు ఎవురి పేరు రాయిస్తే వాళ్ళ చేతికేనక్కా. నామినీ అంటారు. చెక్కు ఆ పేరు మీదనే వస్తాది."

"నడమన ఇంకెవురూ చెయ్యి పెట్టేదానికి లేదా? మా ఇంటాయన గానీ, మా అన్న గానీ?"

"పేరు వాళ్ళది కాకపోతే చెక్కు వాళ్ళకు రాదు గదక్కా."

చెంగమ్మ ఖాళీ క్యాను చంకన పెట్టుకుని కాసేపు ఆలోచించింది. ఆమెకు తెలిసిన ఆస్తులన్నీ మగవాళ్ళ పేరు మీదివే. పొలం పట్టా మొగుడిది, పుట్టింటి ఇల్లు అన్నది. తాను నోటితో ఒక పేరు చెబితే, ఆ పేరును దాటి ఎవరూ పోలేని ఏర్పాటు ఒకటి లోకంలో ఉందని ఆమె వినడం ఇదే మొదటిసారి.

"సచ్చిపోకుండా ఉంటే?"

"పదైదేండ్లు కట్టి బతికుంటే ఆ దుడ్డు మీకే వస్తాది."

"అయితే కడతా. పేరు మాత్రం యోచన చేసి చెప్తా" అంది.

మాట ఆమెకంటే ముందు ఇల్లు చేరింది. ఆ పూట శ్రీరాములు సంగటి ముద్ద చిదుముతూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏం మే, పాలసీనో ఏమో కడతావంట. నా పేరేగదా రాయిస్తావు? ఇంటి పేరు తప్పు లేకుండా చూసుకో."

చెంగమ్మ అతని కంచంలో ఇంకో గరిటె ఊరిబిండి పచ్చడి వేసింది. అతను దాన్ని అవుననే అనుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆ మాట మదనపల్లెకు కూడా పాకింది. ఆంజనేయులు అక్కడ తవుడూ చెక్కా అమ్మే అంగడి పెట్టుకున్నాడు. చెంగమ్మ నెలనెలా ఆవుల దాణాకు ఆ అంగడికే పోయేది. మామూలుగా మూటల పక్కన నిలబెట్టే మాట్లాడి పంపేవాడు. ఈసారి కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, హోటలు నుంచి కాఫీ తెప్పించాడు. తవుడు కూడా రవంత ఎక్కువే తూచాడు.

"మా పెద్దోడు బో సురుకమ్మా. మేనత్తంటే పానం వానికి. రేపు నీ తలకొరివి కూడా వాడే పెడతాడు" అన్నాడు.

"నేనింకా కాఫీ తాగుతాండాను గదన్నా, అప్పుడే కొరివి దాకా పోతివే" అంది చెంగమ్మ. అన్న నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. అన్న మీద ఆమెకు కోపమేమీ లేదు. ఆ కాఫీ కూడా బాగుంది.

ఆవు పొదుగు కింద కూర్చున్నప్పుడు ఆమెకు ఆలోచనలు చక్కగా సాగేవి. మొగుడు చెడ్డవాడు కాదు. కానీ కాదని చెప్పడం చేతకాని మనిషి. సంతలో ఎవడో ఇంట్లో జబ్బని ఏడిస్తే, జోడెద్దుల్ని అప్పు మీద తోలిపంపి, తర్వాత ఆ మనిషి ఊరేదో కూడా అడగలేదని తల గోక్కున్నవాడు. అతని చేతిలో పడిన డబ్బు ఊరికంతా మేలు చేస్తుంది, ఇంటికి తప్ప. ఇక అన్నకు అంగడి ఉంది, కొడుకులున్నారు. తాను లేకపోయినా వాళ్ళ బతుకులో ఒక్క మూట కూడా పక్కకు జరగదు. తాను లేకపోతే తడబడేది ఎవరు అని వెతుక్కుంటే, ఆమెకు ఒకే మొహం కనిపించింది.

డాక్టరు పరీక్షకు రామచంద్ర ఆమెను మదనపల్లెకు పిలిపించాడు. డాక్టరు ఊపిరి పీల్చమన్నాడు, నాలుక చాపమన్నాడు, తూనిక మిషను ఎక్కించాడు. మూటల్ని తూచడమే చూసిన చెంగమ్మకు తనను తూస్తుంటే నవ్వాగలేదు. అంతా బాగుందని తేల్చాక రామచంద్ర కాగితాలు పరిచి, పెన్ను మూత తీశాడు.

"ఇప్పుడు చెప్పండక్కా, పేరు."

"మునెమ్మ."

"మీ చెల్లెలా?"

"సవితి."

పెన్ను ఆగిపోయింది. "సవితా? అక్కా, నేను ఇన్ని పాలసీలు రాసినాను, సవితి పేరు ఎవురూ చెప్పలే. ఆఫీసులో అడుగుతారు, యాల, ఏం కారణం అని."

"అడిగితే చెప్తా. నోరుండాది గదా."

అతను ఆమెను ఆఫీసులో ఒక పెద్దాయన ముందుకు తీసుకుపోయాడు. తల నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, మొదటి భార్య బతికుండగా చేసుకున్న పెళ్ళి చట్టం లెక్కలో పెళ్ళి కాదు. ఆమె మీ ఆయనకు భార్య అని ఎక్కడా రాయడానికి లేదు. ఆమె పిల్లల పేరు రాయించరాదూ?"

ఆ మాట చెంగమ్మకు కొత్త. ఊరంతా చూస్తుండగా తాళి కట్టించుకున్న పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, ఇంటెడు చాకిరీ చేసే మనిషి, ప్రభుత్వం దగ్గర ఎవరూ కాకుండా పోతుందా? తాను ఒకప్పుడు కొట్టం పక్క గదిలోకి చాప మోసుకుపోయిన రోజున ఈ మాట తెలిసి ఉంటే సంతోషించేదేమో. ఇప్పుడు మాత్రం బల్ల దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"అట్లయితే ఆ పేరే కావాల సార్" అంది. "మా ఆయనకు ఆ పిల్ల ఏమీ కాకపోతే పోనీ. నాకు కావల్సిన మడిసి. నా కాగితంలో నా మడిసి పేరు రాసుకునేదానికి కూడా చట్టం ఒప్పుకోదా?"

పెద్దాయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని, ఆమె ఎందుకు ఆ పేరు చెబుతోందో ఆమె మాటల్లోనే రాసుకున్నాడు. కింద ఆమె వేలిముద్ర వేసింది. సంబంధం అన్నచోట ఏం రాశారని బయటికొచ్చాక రామచంద్రను అడిగింది. భర్త రెండవ భార్య, కలిసి ఒకే కుటుంబంగా ఉంటున్నారు అని రాశారని చెప్పాడు. చట్టంలో లేదన్న మాట పెద్దాయన చేత్తోనే కాగితం మీదికి ఎక్కినందుకు చెంగమ్మ బస్సులో దారిపొడుగునా తనలో తాను ముసిముసిగా నవ్వుకుంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మంచి రోజు చూసి చెబుదామనుకుంది. కానీ పాలసీ కాగితం పోస్టులో వచ్చింది, పోస్టుమాను దాన్ని వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడు. చెనిక్కాయలు ఒలుస్తున్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా విన్నారు. ఎదురింటి రామలక్ష్మమ్మ నోరు ఊరుకోదు.

"ఏం మునెమ్మా, నీ పంట పండె! ఇంక పెద్దామె గంజిలో ఇంత గన్నేరుపప్పు నూరిపోస్తే సాలు" అని నవ్వింది. మిగతావాళ్ళు కూడా నవ్వారు.

మునెమ్మ నవ్వలేదు. ఒడిలోని చెనిక్కాయలు నేల మీద పారబోసి లోపలికి పోయింది. చెంగమ్మ వెనకే వెళ్తే, ఆమె బిడ్డల బట్టలు మూట కడుతోంది.

"నన్ను అడగల్లని తోచలేదా అక్కా నీకు? నువ్వు ఎప్పుడు సస్తావా అని కాసుకోని ఉండేదాన్ని చేసి పెడితివే నన్ను! రేపు నీకు తలనొప్పొచ్చినా ఊరంతా నా మొగం సూస్తారు."

"రామలక్ష్మమ్మ మాటలకు నువ్వు..."

"మాటలు ఆమెవి. తెచ్చిపెట్టింది నువ్వు."

బిడ్డలిద్దరినీ తీసుకుని మధ్యాహ్నం బస్సుకు కుప్పం వెళ్ళిపోయింది.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఏదీ సరిగ్గా నడవలేదు. చిన్నావు మునెమ్మ చేతికి మరిగింది, చెంగమ్మ కూర్చుంటే పాలు ఎగబట్టింది. శ్రీరాములు నేను వండుతానని పూనుకుని సంగటిని అడుగంటించాడు. ఆ మాడు వాసనలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉండగా అతను మనసులో మాట బయట పెట్టాడు.

"కట్టుకున్నోన్ని నేనుండాను. నా పేరు నీ నోటికి రాకపోయె."

"నీ చేతికొస్తే అది ఎన్నాళ్ళు ఉంటాది? నిజం చెప్పు."

శ్రీరాములు నిజంగానే ఆలోచించాడు. "ఒగ సంత దాకా ఉంటాదేమో" అన్నాడు. అంటూనే అతనికే నవ్వొచ్చింది. "రాసిందేదో మేలుగానే రాసినావులే. పొయ్యి ఆ పిల్లను పిల్చుకోనిరా. ఈ సంగటి నేను తినలేను."

చెంగమ్మ పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పంలో దిగి, గుడుపల్లె దారిలో ఉన్న మునెమ్మ పుట్టింటికి నడుచుకుంటూ పోయింది. ఆ ఇంట్లో పట్టుపురుగులు మేపుతారు. మునెమ్మ తల్లి గోవిందమ్మ వాకిట్లోనే ఎదురైంది. సవతి వచ్చిందంటే ఏ గొడవకో అనుకుని ముందు బెదిరింది, తర్వాత చెంబుతో నీళ్ళిచ్చి, "లోపల ఉండాదమ్మా. వచ్చినకాడి నుంచి నీ మాటే. తిట్టేది కూడా నిన్నే, తలుచుకునేది కూడా నిన్నే" అంది.

మునెమ్మ తట్టల ముందు కూర్చుని పురుగులకు వేసే రేషమాకు తరుగుతోంది. తల ఎత్తలేదు. చెంగమ్మ కూడా పక్కన చతికిలబడి ఒక కట్ట తీసుకుని కొమ్మల నుంచి ఆకు దూయడం మొదలుపెట్టింది. పురుగులు ఆకు తినే చప్పుడు సన్నటి వానలా వినిపిస్తోంది.

"నేను సావల్లని నీకుంటే, కాలు ఇరిగి మొద్దు మాదిరి పడుండానే, అప్పుడే నాలుగు దినాలు గంజి పొయ్యకుంటే అయిపోయుండును" అంది చెంగమ్మ చివరికి. "అప్పుడు లేని బుద్ధి ఇప్పుడు వస్తాదని రామలక్ష్మమ్మ అనుకుంటే అనుకోనీ. నేను అనుకోను గదా."

"ఆ చాకిరీకి కూలి కడతాండావా అయితే?"

"కూలి గాదు మే." చెంగమ్మ చేతిలోని కొమ్మ కింద పెట్టింది. "మదనపల్లె ఆఫీసులో ఒగ పెద్దాయన చెప్పినాడు. నీ పెండ్లి పెండ్లే కాదంట. గవర్మెంటు లెక్కలో నువ్వు మాయింటికి ఏమీ కావంట. ఎవురి కాగితంలోనన్నా ఒగదాంట్లో నీ పేరు ఉండల్ల గదా. నా దాంట్లో పెట్టించినా. సంబంధం ఏమని కూడా రాయించినా."

మునెమ్మ కత్తి ఆగింది. తాను ఏమీ కాదన్న సంగతి ఆమెకూ తెలియదు. కళ్ళ నీళ్ళు ముక్కు మీదుగా కారి ఆకుల్లో పడుతున్నాయి.

"తడి ఆకేస్తే పురుగులకు రోగమొస్తాది, అవతల ఏడువు" అంది చెంగమ్మ.

మునెమ్మ ఏడుస్తూనే నవ్వింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు పొయినాంక వచ్చేది నాకొద్దక్కా. అది ఉంటే ఉండనీ. ఉండంగనే ఇచ్చేదేమన్నా ఉంటే ఇయ్యి" అంది.

"ఏం కావాల?"

"చిన్నావు. పాలు పిండేది నేను, ఇంక మీద క్యాను మోసేది కూడా నేనే. కేంద్రంలో దాని పాలు నా పేర్న పొయ్యల్ల."

ఇంత దూరం వచ్చి ఆవును పోగొట్టుకుంటానని చెంగమ్మ అనుకోలేదు. ఆ ఆవు పుట్టినప్పుడు చేతులతో లాగి బయటికి తీసింది తానే. కానీ మునెమ్మ అడిగిన తీరు ఆమెకు నచ్చింది. ఏడ్చి అడగలేదు, నేరుగా అడిగింది.

"అది నా తావ ఎట్లాగూ పాలు ఎగబట్టుకోనుండాదిలే. తీసుకో" అంది.

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున గోవిందమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లంతో నలుగురూ బస్సెక్కారు. ఊళ్ళో దిగేసరికి రామలక్ష్మమ్మ వాకిట్లోనే ఉంది. చెంగమ్మ ఆగి, "రామలక్ష్మమ్మా, గన్నేరుపప్పు ఏమన్నా ఉంటే పెట్టుండు, మునెమ్మ అడుగుతాండాది" అంది. రామలక్ష్మమ్మ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. మునెమ్మ వీధి మలుపు దాకా పడీ పడీ నవ్వింది.

పాలకేంద్రంలో మునెమ్మ పేరు ఎక్కింది. వెన్న శాతం ఎవరి పాలలో ఎక్కువొచ్చిందని ఇద్దరూ పోటీలుపడి కొట్లాడుకునేవాళ్ళు, పెద్దావుకు చెక్క ఎక్కువ పెట్టావని మునెమ్మ, చిన్నావుకు దొంగతనంగా బెల్లం పెట్టావని చెంగమ్మ. ఒక ఏడు కరువొచ్చి గడ్డి దొరక్క పెద్దావును అమ్మాల్సి వచ్చింది. అప్పుడు పాలసీ కంతు మునెమ్మ పాల డబ్బుతోనే కట్టారు. తన నామినీ తనకు కంతు కడుతోందని చెంగమ్మ చెబితే రామచంద్ర సైకిలు మీంచి పడిపోయేంతగా నవ్వాడు.

ఎనభై ఎనిమిదిలో పాలసీ గడువు తీరింది. చెంగమ్మ గుండ్రాయిలా ఉంది. చెక్కు ఆమె పేరు మీదే వచ్చింది. జుట్టు నెరిసిన రామచంద్ర స్వయంగా తెచ్చి ఇచ్చి, మదనపల్లె బ్యాంకులో ఖాతా తెరిపించాడు. ఆ రోజు ఇద్దరు ఆడవాళ్ళూ కొత్త చీరలు కట్టుకుని పోయారు. పని ముగిశాక ఆంజనేయులు అంగడికి వెళ్ళి పలకరించారు. అతను ఈసారి ఇద్దరికీ కుర్చీలు వేసి, ఇద్దరికీ కాఫీ తెప్పించాడు. తర్వాత బస్టాండు ఎదురుగా హోటల్లో మసాలా దోసెలు తిన్నారు.

"నా పేరు ఊరికేనే ఉండె గదక్కా ఇన్నేండ్లు. నాకేమీ రాలే" అంది మునెమ్మ చట్నీ నాకుతూ.

"రాలేదని బాధపడతాండావా?"

"థూ! ఆ మాటే అనొద్దు" అని మునెమ్మ ఆ చెడుమాట పోవాలన్నట్టు టేబుల్ని రెండుసార్లు కొట్టింది.

ఆ డబ్బుతో ఏం చేయాలన్నది బస్సులో మొదలైంది. కొట్టానికి సిమెంటు గచ్చు వేయించాలని చెంగమ్మ, ఇంకో మంచి ఆవును తేవాలని మునెమ్మ. గచ్చు లేకుండా ఆవెందుకని ఒకరు, ఆవు లేకుండా గచ్చెందుకని ఒకరు. పుంగనూరు వచ్చేదాకా తెగలేదు. వెనక సీట్లోని వాళ్ళు ఆ వాదనను చెవులు రిక్కించి వింటూ, వీళ్ళు అక్కాచెల్లెళ్ళా అని ఒకరినొకరు అడుగుతుంటే, ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు, వాళ్ళకు తీరిక లేదు.